ఎన్‌డీఐఎస్ క్లెయిమ్‌లు: మీ బిల్లింగ్‌ను మీరే ఆడిట్ చేసుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆస్ట్రేలియాలో డిజబిలిటీ సేవల సంస్థలు నడుపుతున్న తెలుగువాళ్లు, వాటిలో బిల్లింగ్, రోస్టర్ పనులు చూస్తున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలకు జవాబులివి. ఎన్‌డీఐఎస్ అంటే వైకల్యం ఉన్నవాళ్ల (పార్టిసిపెంట్ల) సేవలకి ఆస్ట్రేలియాలో డబ్బిచ్చే ప్రభుత్వ పథకం, ఒక్కొక్కరికీ కేటాయించిన బడ్జెట్ వాళ్ల ప్లాన్‌లో ఉంటుంది, ఇచ్చిన సేవకి డబ్బు అడగడమే క్లెయిమ్. ఒక్క మాట ముందే చెప్పేస్తాను, కింద జవాబులన్నీ దాని మీదే నడుస్తాయి. మీరు పంపే ప్రతి క్లెయిమ్ డబ్బూ ఒక మనిషి ప్లాన్‌లోంచి పోతుంది. తప్పుగా తీసుకున్న 3 గంటలంటే, ప్లాన్ చివర్లో ఆ మనిషికి స్నానానికి సాయం చేయడానికో, బయటికి తీసుకెళ్లడానికో మిగలాల్సిన 3 గంటలు పోయినట్టే.

సెల్ఫ్ ఆడిట్ అంటే అసలు ఏం చేయాలి?

డబ్బు వచ్చేసిన క్లెయిమ్‌లు కొన్ని తీసుకుని, ఒక్కోదాని గురించి నాలుగు విషయాలు చూసుకోవాలి. ఆ సేవ నిజంగా జరిగిందా, క్లెయిమ్ చేసినంతసేపే జరిగిందా, పార్టిసిపెంట్‌తో ఒప్పుకున్న సేవేనా, ఆ రోజుకి వర్తించే రేటేనా. వీటికి జవాబు మన జ్ఞాపకంలోంచి రాకూడదు, రికార్డులోంచి రావాలి. "ఆ అమ్మాయి వెళ్లిందండీ, నాకు తెలుసు" అంటే సరిపోదు.

మాకు రిజిస్ట్రేషన్ ఆడిట్ అయిపోయింది కదా, మళ్లీ ఇదెందుకు?

అది వేరు, ఇది వేరు. ప్రొవైడర్లని, అంటే సేవలిచ్చే సంస్థల్ని, రిజిస్టర్ చేసి నియంత్రించే ఎన్‌డీఐఎస్ క్వాలిటీ అండ్ సేఫ్‌గార్డ్స్ కమిషన్ 2018లో మొదలైంది. రిజిస్ట్రేషన్ కోసం జరిగే వెరిఫికేషన్, సర్టిఫికేషన్ ఆడిట్లు ప్రాక్టీస్ స్టాండర్డ్స్ పాటిస్తున్నారా లేదా అని చూస్తాయి, అంటే పాలసీలు, భద్రత, ఫిర్యాదుల వ్యవస్థ లాంటివి. గత నెలలో మీరు పంపిన ఫలానా క్లెయిమ్‌లో గంటలు సరిగ్గా ఉన్నాయా అన్నది ఎన్‌డీఐఏ, అంటే పథకాన్ని నడిపి డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ, చూసుకునే సంగతి. పైగా 2022 నవంబర్‌లో ఎన్‌డీఐఏ, సర్వీసెస్ ఆస్ట్రేలియా కలిసి నడిపే, మోసాలు పట్టుకునే ఫ్రాడ్ ఫ్యూజన్ టాస్క్‌ఫోర్స్ వచ్చాక ప్రభుత్వ సంస్థలు సమాచారం పంచుకోవడం బాగా పెరిగింది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్నాం కాబట్టి బిల్లింగ్ కూడా సరిగ్గానే ఉందనుకోవడం పెద్ద పొరపాటు.

మేం రిజిస్టర్డ్ కాదు, ప్లాన్ మేనేజర్‌కి (పార్టిసిపెంట్ తరఫున ప్లాన్ డబ్బుతో బిల్లులు కట్టేవాళ్లకి) ఇన్వాయిస్ పంపుతాం అంతే. మాకూ ఇది అవసరమా?

అవసరమే. ఎన్‌డీఐఎస్ కోడ్ ఆఫ్ కండక్ట్ రిజిస్టర్ కాని ప్రొవైడర్లకీ వర్తిస్తుంది. ప్లాన్ మేనేజ్డ్ పార్టిసిపెంట్లకి ధరల పరిమితులూ వర్తిస్తాయి. ప్లాన్ మేనేజర్ మీ ఇన్వాయిస్ మీద ఏబీఎన్ (వ్యాపార నంబర్), తేదీలు, రేటు చూడగలరు కానీ మీ వర్కర్ ఆ ఇంట్లో ఎంతసేపు ఉన్నారో వాళ్లకి తెలియదు, అది తెలిసింది మీకే.

ఎన్ని క్లెయిమ్‌లు చూడాలి? ఎన్నాళ్లకోసారి?

నా అభిప్రాయం అడిగితే, ఏడాదికోసారి పెద్ద ఆడిట్ పెట్టుకుని టెన్షన్ పడేకన్నా నెలనెలా కొద్దికొద్దిగా చూడటం నయం, ఎందుకంటే నెలలోపు దొరికిన తప్పు ఒక ఇన్వాయిస్‌తో పోతుంది, ఏడాది తర్వాత దొరికింది డజన్లకొద్దీ ఇన్వాయిస్‌లుగా పేరుకుని ఉంటుంది. ఎంపిక రెండు రకాలుగా చేయండి. కొన్ని స్ప్రెడ్‌షీట్‌లో ర్యాండమ్ ఫంక్షన్ పెట్టి తీయండి, మీకు నచ్చినవి ఏరుకోకండి. మిగతావి తప్పు జరిగే అవకాశం ఎక్కువున్న చోట నుంచి తీయండి. కొత్త వర్కర్లు, పబ్లిక్ హాలిడేలు, క్యాన్సిలేషన్లు, ట్రావెల్, గ్రూప్ సెషన్లు, జులైలో ఎన్‌డీఐఏ కొత్త ధరల పత్రం (సేవల గరిష్ఠ రేట్లు, క్లెయిమ్ నియమాలు ఉండేది) అమల్లోకి వచ్చిన మొదటి వారాలు ఈ కోవలోకి వస్తాయి.

ఇంకో మాట. క్లెయిమ్ నుంచి నోట్స్ వైపు మాత్రమే వెళ్తే సగం పనే అయినట్టు. రోస్టర్‌లోంచి కొన్ని షిఫ్టులు తీసి అవి ఎలా క్లెయిమ్ అయ్యాయో కూడా చూడండి. డబుల్ క్లెయిమ్‌లు, మరిచిపోయిన క్లెయిమ్‌లు అలాగే బయటపడతాయి.

ఒక్కో క్లెయిమ్‌కి ఏమేం పక్కన పెట్టుకోవాలి?

సర్వీస్ అగ్రిమెంట్, రోస్టర్, వర్కర్ క్లాక్ ఇన్-క్లాక్ అవుట్ రికార్డు, షిఫ్ట్ నోట్స్, పే రోల్, ఇన్వాయిస్ లేదా ఎన్‌డీఐఏ పోర్టల్‌లో వెళ్లిన పేమెంట్ రిక్వెస్ట్. ఈ ఆరూ ఒకే కథ చెప్పాలి.

ఒక ఉదాహరణ చూడండి. రోస్టర్‌లో ఉదయం 9 నుంచి 12 అని ఉంది. యాప్‌లో వర్కర్ 9:05కి లోపలికొచ్చి 11:40కి బయటికెళ్లినట్టు ఉంది. నోట్స్‌లో "స్నానం, టిఫిన్, మందులు గుర్తుచేయడం, 11:40కి వాళ్ల చెల్లెలు వచ్చారు, నేను బయల్దేరాను" అని నిజాయితీగా రాసి ఉంది. పే రోల్‌లో 3 గంటల జీతం పడింది. క్లెయిమ్ కూడా 3 గంటలకే వెళ్లింది. వర్కర్ దాచిందేమీ లేదు, ఆఫీసులో కూర్చున్నవాళ్లు ఎవరి డబ్బూ కాజేయాలనుకోలేదు. సాఫ్ట్‌వేర్ రోస్టర్ గంటల్ని నేరుగా ఇన్వాయిస్‌లోకి లాగేసుకుంది, అంతే. అయినా 25 నిమిషాలు అందని సేవకి డబ్బు తీసుకున్నట్టే, ఆ షిఫ్ట్ వారానికి ఐదు రోజులు నడుస్తుంటే ఏడాదికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. నా దృష్టిలో చిన్న సంస్థల్లో ముందుగా సరిచేయాల్సిన సెట్టింగ్ ఇదే. ఇన్వాయిస్ రోస్టర్ గంటల మీద కాదు, నిజంగా పనిచేసిన గంటల మీద తయారవ్వాలి.

సపోర్ట్ ఐటమ్ నంబర్‌లో ఏం చూడాలి?

ధరల పత్రంలో ఒక్కో సేవకీ ఒక నంబర్ ఉంటుంది. ఉదాహరణకి 01_011_0107_1_1 తీసుకోండి. సోమవారం నుంచి శుక్రవారం వరకు పగటిపూట ఇచ్చే సెల్ఫ్ కేర్ సాయం ఇది. మొదటి రెండంకెలు సపోర్ట్ కేటగిరీ, మధ్యలో 0107 రిజిస్ట్రేషన్ గ్రూప్, చివరి అంకె అది కోర్ (రోజువారీ సాయం), క్యాపిటల్ (పరికరాల్లాంటివి), కెపాసిటీ బిల్డింగ్ (నైపుణ్యాలు పెంచేవి) బడ్జెట్లలో దేనికి చెందిందో చెబుతుంది. ఇదే సాయం శనివారమైతే 01_013, ఆదివారమైతే 01_014తో మొదలవుతుంది. ఆడిట్‌లో మీరడగాల్సింది ఒకటే, నోట్స్‌లో రాసిన పనీ ఈ నంబర్ చెప్పే పనీ ఒకటేనా? సెల్ఫ్ కేర్ బడ్జెట్ అయిపోయిందని ఇంట్లో ఇచ్చిన సాయాన్ని వేరే ఐటమ్ కింద పెట్టడం కొన్నిచోట్ల మామూలైపోయింది. పార్టిసిపెంట్ "పర్లేదు" అన్నా అది తప్పుడు క్లెయిమే.

రాత్రి, శని ఆదివారాలు, పబ్లిక్ హాలిడేల రేట్లు ఎలా సరిచూడాలి?

వర్కర్ షిఫ్ట్‌కి అవార్డు (ఆ రంగం ఉద్యోగుల కనీస జీతాలు, పని షరతులు చెప్పే చట్టబద్ధ పత్రం) ప్రకారం ఏ రేటు పడిందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పార్టిసిపెంట్‌కి సేవ అందింది ఎప్పుడు అన్నదే ధరల పత్రం చూస్తుంది. ఈ రెండూ కలిపేసుకుని, వర్కర్‌కి ఈవెనింగ్ పెనాల్టీ (సాయంత్రం పనికిచ్చే అదనపు జీతం) ఇచ్చాం కాబట్టి క్లెయిమ్ కూడా ఈవెనింగ్ రేటుకే అనుకుంటారు, అది కుదరదు.

పబ్లిక్ హాలిడేలు రాష్ట్రాన్నిబట్టి మారతాయి. నవంబర్ మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్ రోజు మెల్‌బోర్న్‌లో సెలవు, సిడ్నీలో మామూలు పనిదినం. రెండు రాష్ట్రాల్లో పనిచేసే సంస్థ సాఫ్ట్‌వేర్‌లో ఒకే క్యాలెండర్ పెట్టుకుంటే సిడ్నీ పార్టిసిపెంట్ ప్లాన్‌లోంచి హాలిడే రేటు పోతుంది. ఆ ఒక్క మంగళవారం క్లెయిమ్‌లన్నీ తీసి చూడండి, మీ సెట్టింగ్స్ సంగతి తెలిసిపోతుంది.

వర్కర్‌కి కనీసం 2 గంటల జీతం ఇవ్వాలి కదా, పార్టిసిపెంట్‌కి కూడా 2 గంటలు వేయొచ్చా?

ష్కాడ్స్ (SCHADS) అవార్డు, అంటే సామాజిక, డిజబిలిటీ సేవల ఉద్యోగులకి వర్తించే అవార్డు కింద క్యాజువల్, పార్ట్ టైమ్ డిజబిలిటీ వర్కర్లకి 2 గంటల కనీస చెల్లింపు నిబంధన ఉన్న మాట నిజమే. అది మీకూ మీ ఉద్యోగికీ మధ్య లెక్క. ఒక గంట సేవ ఇస్తే ఒక గంటే క్లెయిమ్. నష్టం వస్తోందనిపిస్తే రోస్టర్ మార్చుకోండి, దగ్గర దగ్గర ఇళ్లని ఒకే షిఫ్ట్‌లో కలపండి, లేదా కొత్త సేవ ఒప్పుకునేటప్పుడే పార్టిసిపెంట్‌తో షిఫ్ట్ నిడివి గురించి విడమరిచి మాట్లాడండి.

ట్రావెల్ క్లెయిమ్‌లలో తప్పులు ఎక్కువ అంటారు, ఎందుకని?

ఎందుకంటే ఎవరూ కొలవరు. ధరల పత్రంలో నగరాలు, పెద్ద ఊళ్లు ఉన్న ప్రాంతాల్లో (ఎంఎంఎం 1 నుంచి 3, ఎంఎంఎం అంటే ఊరి పరిమాణం, నగరాలకి దూరాన్నిబట్టి ప్రాంతాలకిచ్చే అంకె) ఒక ట్రిప్పుకి 30 నిమిషాల వరకు, ఎంఎంఎం 4, 5లో 60 నిమిషాల వరకు అని పరిమితి ఉంటుంది. ఆ "వరకు" అన్న మాట బిల్లింగ్‌కి వచ్చేసరికి ఎగిరిపోయి ప్రతి విజిట్‌కీ 30 నిమిషాలు పడుతుంటాయి. 12 నిమిషాల దారికి 12 నిమిషాలే. మీ నెల ట్రావెల్ లైన్లు ఒక కాలమ్‌లో పెట్టి చూడండి, అన్నీ సరిగ్గా 30 అని కనిపిస్తే అవి కొలిచినవి కావు.

మరికొన్ని చూడాలి. ట్రావెల్ వసూలు చేస్తామని పార్టిసిపెంట్ ముందే ఒప్పుకున్నట్టు సర్వీస్ అగ్రిమెంట్‌లో ఉందా? ఒకే ప్రయాణంలో ఇద్దరి దగ్గరికి వెళ్తే ఆ ఖర్చు ఇద్దరి మధ్యా పంచారా, లేక ఇద్దరికీ పూర్తిగా వేశారా? తిరుగు ప్రయాణం క్లెయిమ్ చేశారంటే ఆ సమయానికి వర్కర్‌కి జీతం ఇచ్చారా? థెరపీ వాళ్లకైతే 2025 జులై 1 నుంచి ట్రావెల్ సమయానికి గంట రేటులో సగం వరకే క్లెయిమ్ చేసే వీలుంది, పాత టెంప్లేట్లు వాడుతున్నవాళ్లు దీన్ని తప్పక సరిచూసుకోవాలి.

క్యాన్సిలేషన్ అయితే పూర్తి డబ్బు తీసుకోవచ్చని విన్నాం, నిజమేనా?

షరతులున్నాయి. ఎంత ముందు చెప్పకపోతే "షార్ట్ నోటీస్" అవుతుందన్నది సేవ రకాన్నిబట్టి ఉంటుంది, కొన్నేళ్లలో మారుతూ కూడా వచ్చింది, కాబట్టి ఆ తేదీకి అమల్లో ఉన్న ధరల పత్రమే తెరిచి చూడండి. అందరూ మర్చిపోయే షరతు ఇంకోటి. ఆ సమయానికి వర్కర్‌కి బిల్ అయ్యే వేరే పని దొరకకపోవాలి, ఆ సమయానికి మీరు వర్కర్‌కి జీతం ఇవ్వాల్సి ఉండాలి. అంటే ఆడిట్‌లో క్యాన్సిలేషన్ లైన్ కనిపించగానే పే రోల్ తెరవాలి. ఆ వర్కర్‌కి ఆ గంటల జీతం పడకపోయినా, అదే సమయానికి ఇంకో ఇంట్లో పనిచేసినట్టు ఉన్నా ఆ క్లెయిమ్ నిలబడదు. పోర్టల్‌లో దాన్ని క్యాన్సిలేషన్‌గానే, కారణంతో సహా పెట్టాలి, మామూలు సేవ జరిగినట్టు పెట్టకూడదు.

గ్రూప్ సెషన్ల లెక్క?

ఒక వర్కర్, ముగ్గురు పార్టిసిపెంట్లు, 2 గంటలు. గంట రేటుని మూడుతో భాగించి ఒక్కొక్కరికీ 2 గంటలు వేయాలి. పూర్తి రేటుకి ముగ్గురికీ 2 గంటలు వేస్తే ఒకే మనిషి 2 గంటల పనికి 6 గంటల డబ్బు తీసుకున్నట్టు. అటెండెన్స్ షీట్‌లో ఆ రోజు నలుగురు వచ్చారని ఉండి క్లెయిమ్‌లు మాత్రం ముగ్గురి లెక్కన వెళ్లాయా అన్నదీ చూడండి, నాలుగో మనిషి వస్తే అందరి వాటా తగ్గాలి కదా.

ఖరీదైన సాఫ్ట్‌వేర్ లేకుండా, మామూలు ఎక్సెల్‌తో ఏమైనా పట్టుకోగలమా?

చాలా పట్టుకోగలం. క్లెయిమ్‌ల ఫైలూ పే రోల్ ఫైలూ పక్కపక్కన పెట్టండి. ఒక్కో వర్కర్‌కి రోజువారీగా క్లెయిమ్ అయిన గంటలెన్ని, జీతం ఇచ్చిన గంటలెన్ని చూడండి, గ్రూప్ సెషన్లు లేకుండా క్లెయిమ్ గంటలే ఎక్కువుంటే అక్కడ ఆగండి. ఒకే వర్కర్ ఒకే సమయానికి రెండిళ్లలో ఉన్నట్టు కనిపిస్తే ఆగండి. ఒకే పార్టిసిపెంట్, ఒకే తేదీ, ఒకే ఐటమ్ రెండుసార్లు వచ్చిందేమో ఫిల్టర్ పెట్టండి. పార్టిసిపెంట్ హాస్పిటల్‌లో అడ్మిట్ అయిన రోజులు, ఊరెళ్లిన రోజులు రాసిపెట్టుకుని ఆ తేదీల్లో క్లెయిమ్‌లేమైనా వెళ్లాయేమో చూడండి. రోస్టర్ కాపీ చేసి అతికించే సంస్థల్లో ఇది తరచూ జరుగుతుంది, మనిషి వార్డులో ఉంటాడు, ఇంటి దగ్గర స్నానం చేయించినట్టు క్లెయిమ్ వెళ్తుంది.

షిఫ్ట్ నోట్స్ కూడా ఒక వరుసలో పెట్టి చదవండి. మూడు వారాల పాటు "పార్టిసిపెంట్ సంతోషంగా ఉన్నారు, అన్నీ బాగున్నాయి" అన్న ఒకే వాక్యం ఉంటే అది సేవ జరిగిందనడానికి ఆధారం కింద రాదు.

కొన్ని షిఫ్టులకి నోట్స్ లేవు. ఇప్పుడు రాయించొచ్చా?

పాత తేదీ వేసి రాయించకూడదు. ఒక చిన్న బిల్లింగ్ లోపాన్ని ఫోర్జరీ దాకా తీసుకెళ్లేది ఇదే. వర్కర్‌కి నిజంగా గుర్తుంటే ఈ రోజు తేదీతో, "ఆలస్యంగా రాస్తున్నది" అని పైన స్పష్టంగా పెట్టి రాయొచ్చు, దానికి తోడు క్లాక్ రికార్డు, మెసేజ్‌లు, పే రోల్ లాంటివి ఏమున్నాయో జతచేయొచ్చు. ఏమీ లేకపోతే ఆ క్లెయిమ్‌కి ఆధారం లేదనే రాసుకోండి. ఖాళీ టైమ్‌షీట్ల మీద పార్టిసిపెంట్ చేత ముందే సంతకాలు పెట్టించుకునే అలవాటు ఎక్కడైనా ఉంటే ఈ రోజే ఆపేయండి, ఇది ఆ మనిషి నమ్మకాన్ని వాడుకోవడం.

తప్పు దొరికింది. ఇప్పుడేం చేయాలి?

మొదట ఆ తప్పు ఇంకా జరగకుండా ఆపండి, అంటే సెట్టింగ్ మార్చడమో, ఆ రకం క్లెయిమ్‌లు తాత్కాలికంగా నిలపడమో. తర్వాత ఎంత దూరం పాకిందో చూడండి. ఒక పార్టిసిపెంట్ ట్రావెల్‌లో దొరికిందంటే అదే టెంప్లేట్ వాడిన మిగతావాళ్లందరివీ, ఆ టెంప్లేట్ మొదలైన తేదీ నుంచీ చూడాలి. ఎంపిక చేసిన పది క్లెయిమ్‌లలో దొరికినవి మాత్రం సరిచేసి వదిలేస్తే ఆడిట్ చేసిన ప్రయోజనమే లేదు.

ఆ తర్వాత డబ్బు తిరిగివ్వాలి. ఏజెన్సీ మేనేజ్డ్ (ఎన్‌డీఐఏ నేరుగా చెల్లించే ప్లాన్) అయితే పోర్టల్‌లో ఆ పేమెంట్ రిక్వెస్ట్‌ని రద్దు చేయాలి, కుదరకపోతే ఎన్‌డీఐఏకి రాసి వాళ్లు చెప్పినట్టు చేయాలి. ప్లాన్ మేనేజ్డ్ అయితే క్రెడిట్ నోట్ ఇచ్చి డబ్బు ప్లాన్ మేనేజర్‌కి తిరిగి పంపాలి, అది పార్టిసిపెంట్ బడ్జెట్‌లో మళ్లీ జమ అయ్యిందో లేదో కూడా కనుక్కోవాలి. "వచ్చే నెల ఇన్వాయిస్‌లో తగ్గించేస్తాం లెండి" అని సర్దుబాటు చేయొద్దు, అలా చేస్తే పాత క్లెయిమ్ తప్పుగానే ఉండిపోతుంది, కొత్తదీ తప్పవుతుంది. పార్టిసిపెంట్‌కీ, వాళ్ల తరఫున చూసుకునేవాళ్లకీ తేలికైన భాషలో చెప్పండి, ఎంత ఎక్కువ తీసుకున్నాం, ఎందుకు జరిగింది, ఎప్పుడు వెనక్కి వచ్చింది అని.

ఇవన్నీ ఒక పేజీలో రాసిపెట్టుకోండి. తర్వాత ఎవరైనా అడిగితే మీరే కనిపెట్టి మీరే తిరిగిచ్చారన్న దానికి అదే సాక్ష్యం.

మొత్తం పెద్దదైతే? కావాలని చేసినట్టు అనిపిస్తే?

అప్పుడు లాయర్ దగ్గరికి ముందు వెళ్లండి, కానీ ఆలస్యం చేయొద్దు, రికార్డులు ముట్టుకోవద్దు. మోసం చేసి కామన్వెల్త్ (ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం) నుంచి డబ్బు పొందడం క్రిమినల్ కోడ్ కింద గరిష్ఠంగా 10 ఏళ్ల జైలు పడే నేరం. కమిషన్‌కి నిషేధ ఉత్తర్వులు ఇచ్చే అధికారం కూడా ఉంది. సంస్థలో ఎవరైనా ఉద్యోగి ఈ విషయం బయటపెడితే వాళ్లకి ఎన్‌డీఐఎస్ చట్టం రక్షణ ఇస్తుంది, వాళ్ల షిఫ్టులు తగ్గించడం లాంటి పనులు మీ పరిస్థితిని ఇంకా దిగజారుస్తాయి.

మేం తక్కువ క్లెయిమ్ చేసినట్టు తేలింది. ఇప్పుడు తీసుకోవచ్చా?

సేవ ఇచ్చిన తేదీ నుంచి 2 ఏళ్ల లోపు క్లెయిమ్ చేయాలన్న నిబంధన 2024 అక్టోబర్ 3 నుంచి అమల్లో ఉంది. గడువు లోపలే ఉన్నా, ఒక్కసారిగా ఆరు నెలల బకాయి లాగితే పార్టిసిపెంట్‌కి వచ్చే నెల సేవలకే డబ్బు లేకుండా పోవచ్చు. ముందు వాళ్లతో మాట్లాడండి. మన బిల్లింగ్ ఆలస్యానికి వాళ్లు ఇబ్బంది పడకూడదని నా గట్టి అభిప్రాయం, కొన్నిసార్లు వదులుకోవడమే న్యాయం.

బడ్జెట్ అయిపోయింది. సేవ తేదీని ఒక వారం తర్వాతి తేదీగా మార్చి క్లెయిమ్ చేస్తే ఏమవుతుంది?

అబద్ధపు క్లెయిమ్ అవుతుంది. 2025 మే నుంచి కొత్త ప్లాన్లలో డబ్బు ఒక్కసారిగా కాకుండా ఫండింగ్ పీరియడ్ల (విడతల) వారీగా విడుదలవుతోంది, దాంతో ఈ ఆలోచన ఎక్కువమందికి వస్తోంది. సేవ ఏ రోజు ఇస్తే ఆ తేదీనే. పరికరాల అడ్వాన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, సేవ ఇవ్వకముందే క్లెయిమ్ చేయడం కూడా కుదరదు. బడ్జెట్ ఎంత మిగిలిందో నెల మధ్యలోనే చూసుకుని పార్టిసిపెంట్‌తో కలిసి గంటలు సర్దుకోవడమే దారి.

సంస్థలో ఉన్నదే ఇద్దరం, భార్యాభర్తలం. ఎవరు ఎవరిని ఆడిట్ చేస్తాం?

బిల్లింగ్ చేసేవాళ్లు ఆడిట్ చేయకూడదు, అంతే నియమం. ఒకరు ఇన్వాయిస్‌లు చూస్తే ఇంకొకరు నోట్స్‌తో సరిచూడండి, ఏడాదికోసారైనా బయటి బుక్‌కీపర్‌కో, ఇంకో చిన్న సంస్థ నడిపేవాళ్లకో పార్టిసిపెంట్ల అనుమతితో, పేర్లు తీసేసి చూపించండి. ఇంట్లో మనిషే కదా అని ప్రశ్న అడగడానికి మొహమాటపడితే తప్పులు అక్కడే దాక్కుంటాయి.

ఎన్‌డీఐఏ ఫలానా క్లెయిమ్‌లకి ఆధారాలు పంపమంది. ఏం పంపాలి?

అడిగినవే, అడిగిన గడువులో, ఉన్నవి ఉన్నట్టు. ఒక్కో క్లెయిమ్‌కి ఒక ఫోల్డర్ పెట్టి అందులో ఇన్వాయిస్, షిఫ్ట్ నోట్, క్లాక్ రికార్డు, అగ్రిమెంట్‌లో సంబంధించిన పేజీ పెట్టండి. పంపేముందు మీరే చదివి, ఏదైనా తేడా కనిపిస్తే కవరింగ్ లెటర్‌లో మీరే చెప్పండి. నెలనెలా ఆడిట్ చేస్తున్న సంస్థకి ఇది ఒక పూట పని.

రికార్డులు ఎన్నేళ్లు ఉంచాలి?

ఉద్యోగుల గంటలు, జీతాల రికార్డులు ఫెయిర్ వర్క్ చట్టం ప్రకారం 7 ఏళ్లు ఉంచాలి. క్లెయిమ్‌ని నిరూపించేది ఆ గంటలే కాబట్టి షిఫ్ట్ నోట్స్, అగ్రిమెంట్లు, ఇన్వాయిస్‌లు, మీ ఆడిట్ పేజీలు కూడా అంతకాలం ఉంచండి. సాఫ్ట్‌వేర్ మారుస్తున్నప్పుడు జాగ్రత్త. పాత కంపెనీ సబ్‌స్క్రిప్షన్ ఆపేసిన తర్వాత నోట్స్ డౌన్‌లోడ్ చేసుకునే వీలు ఉండకపోవచ్చు, కాబట్టి ఆపకముందే అన్నీ తీసి, తెరుచుకుంటున్నాయో లేదో కొన్ని ఫైళ్లు తెరిచి చూసి, అప్పుడే పాతదాన్ని వదలండి.